భుజం ముక్క

పొద్దున్న అయిదింటికి వంటింట్లో లైటు వేస్తే
కిటికీ అద్దం నిండా మంచే.
ఓరిన్ ఇంకా రాలేదు.
పదకొండో నంబరు రోడ్డు మీద ఎక్కడో
నారింజ దీపం తిప్పుకుంటూ మంచు తోస్తుంటాడు,
లేదంటే బండి పక్కకి ఆపి
ఎడమ భుజం పట్టుకుని కూర్చునుంటాడు.
ఎవరూ చూడని చోట.

ఆరున్నరకి నేను స్కూలు బస్సెక్కాలి.
నేను పోయాక తనొస్తాడు, నేనొచ్చేలోపు తను పోతాడు.
నవంబరు నుంచి మార్చిదాకా
మేమిద్దరం కలిసేది
ఈ ఆకుపచ్చ స్లో కుక్కర్ దగ్గరే.

అత్తగారిది. మూత మీది పిడి ఊడిపోతే
బీరువా సొరుగు పిడి బిగించాడు ఓరిన్.
ఇరవయ్యేళ్ళుగా అదే ఉంది.

మాంసం కొట్టు హాల్వర్
ఈ చలికాలమంతా మాట్లాడిన దానికంటే
మొన్న ఒక్కరోజే ఎక్కువ మాట్లాడాడు.
"నడుం దగ్గరి ముక్క నీకొద్దు ఆర్డిస్,
అది ఏ పనీ ఎరగని కండ.
ఎనిమిది గంటలు పెడితే అట్టముక్కే.
భుజం పట్టుకెళ్ళు.
బరువు మోసిన చోటు. నరాలుంటాయి, కొవ్వుంటుంది,
ముందు మొండికేస్తుంది.
దాని జోలికి పోకు."

ఎముకతో నాలుగు ముక్కలు, బొటనవేలు మందం.
ఉప్పు, మిరియాలు, నలిపిన సేజ్ ఆకు.
ఇనప పెనం పొగ కక్కాక
ఒక్కో పక్కా మూడు నిమిషాలు, కదపకుండా.
కుండ అడుగున ఉల్లిపాయ చక్రాలు,
మీద ముక్కలు, ఆ పైన పుల్ల ఆపిల్,
గ్లాసుడు ఆపిల్ రసం పోసి
పెనానికి అంటిన మాడంతా గీకి అందులో వేశాను.
పారేసేవాళ్ళకి తెలీదు, రుచంతా ఆ మాడులోనే.

ఆదివారం గొడవైంది.
డాక్టరు దగ్గరకి పొమ్మన్నాను.
నా భుజం, నా ఇష్టం అన్నాడు.
మీ నాన్నా ఇలాగే అన్నాడు, ఏమైందో చూశాంగా అన్నాను.
ఆ మాట అనకుండా ఉండాల్సింది.
అప్పట్నుంచి మూడు రోజులు
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కాగితం మీద ఇంతే రాశాను:
'తక్కువ మీద పెట్టాను. రెండింటికి అవుతుంది. మూత తీయకు.'
చివర నా పేరు పెట్టలేదు.
ఈ ఇంట్లో ఇంకెవరు రాస్తారు గనక!

మూత తీసిన ప్రతిసారీ అరగంట పోతుందనేది అత్తగారు.
అద్దం మూతలోంచి చూస్తే ఏమీ కనపడదు,
ఆవిరి చుక్కలు తప్ప.
మనిషి మీద మూత ఎప్పుడు తీయాలో,
ఎన్నాళ్ళు తీయకూడదో
ఆవిడ చెప్పలేదు. ఆవిడకీ తెలిసుండదు.

బస్సులో ముందు సీటు పిల్లాడు, టార్బెన్,
నా కోటు వాసన చూసి
"మీ ఇంట్లో ఇవాళ పండగా?" అన్నాడు.
బుధవారం రా నాయనా, ఉత్త బుధవారం.

నాలుగుంబావుకి తలుపు తీస్తే
ఇల్లంతా ఉమ్మగిలిన ఉల్లిపాయ.
మీట వెచ్చదనం మీదకి తిప్పి ఉంది.
కుండలో రెండు ముక్కలున్నాయి.
సింకులో రెండు ఎముకలు, కడిగినంత తెల్లగా.

నా కాగితం కిందే, ఎడమ చెయ్యి లేవక కాబోలు
కాగితం కదిలిపోతుంటే రాసిన వంకర అక్షరాలు:
'ఎముక దానంతటదే ఊడొచ్చింది.
మంగళవారం పదింటికి డాక్టరు. బస్సు ఇంకెవరికైనా అప్పజెప్పు.'

కోటు విప్పకుండానే, నిలబడే,
చెంచాతో తిన్నాను. కత్తి అక్కర్లేకపోయింది.
కొంచెం ఉప్పు ఎక్కువైంది.

కాగితం తిప్పితే
వెనక ఇంకో లైను:
'రెండుసార్లు మూత తీశాను. తప్పే.'