పాతాళగరిగె

బొయిపరిగుడ దాటాక తారురోడ్డు మమ్మల్ని వదిలేసింది.
మూడు బళ్ళు, నలుగురం,
టిఫిన్ క్యారియర్‌లో పొద్దున్నే కలిపిన పులిహోర,
గుంపస్వామి భుజాన డెబ్బై మీటర్ల తాడు.

జైపూరు బోరుల్లో కాలిపోయిన మోటార్లను
పైకి లాగే తాడది.
"మోటారు కంటే నువ్వేం బరువు" అన్నాడు నాతో.
ఇంకోసారి ఎగాదిగా చూసి
ముడి రెండుసార్లు వేశాడు.

గుగ్గిలం చెట్ల నడుమ
ఆవలించి మూసుకోవడం మరిచిపోయిన నోరులా
నేల.
హేమసుందరి రాయి వేసింది.
ఒకటి, రెండు, మూడు అనబోతుండగా
టప్.
కాలేజీలో ఫిజిక్స్ చెప్పే త్రిలోచన్ పాఢీ
అరచేతి మీద పెన్నుతో లెక్కకట్టి
"నూట ఇరవై అడుగులు" అన్నాడు,
ఆ లోతు తనే తవ్వించినట్టు.

దారి చూపించిన బుద్ర ముదులి డబ్బులొద్దన్నాడు.
అడుగున కర్రగంట కనిపిస్తే తెమ్మన్నాడు, అంతే.
పోయిన వానల్లో వాళ్ళ కోడె
మేత మీద కన్నేసి
కాలి కింద చూసుకోలేదట.
నా వాచీ, ఫోనూ అతని చేతిలో పెట్టి
గిలక కింద వేలాడాను.

వారం నుంచి అందరికంటే ఎక్కువ కోతలు కోసింది నేనే.
మోకాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
తాడు కిర్రుమన్నప్పుడల్లా
గోడకున్న నాచును పట్టుకున్నాను,
నాచు నన్నేం పట్టుకుంటుంది?
గబ్బిలాల వాసన. చెమట పట్టిన రాయి.
పైన కంచమంత ఆకాశం,
కాసేపటికి అప్పచ్చంత.
వాళ్ళ కేకల్లో మాటలు రాలిపోయి
ఉత్త గొంతులే దిగుతున్నాయి నాతోపాటు.

రాయగడలో మా అమ్మమ్మకో పాతాళగరిగె ఉండేది.
ఇనుప కొక్కేల గుత్తి.
ఎవరి బకెట్టు నూతిలో పడినా
మా గుమ్మంలోకే రావాలి.
చెంబో గ్లాసో తాకట్టు పెట్టించుకుని గానీ ఇచ్చేది కాదు.
తాడు చివర గింగిరాలు తిరుగుతుంటే
ఆ ఇనుప ముక్క గుర్తొచ్చింది.
దానికీ భయమేసేదేమో,
ఎవరడిగారు?

అడుగు.
మెత్తటి మట్టి, తెల్లటి ఎముకలు,
మాకంటే ముందే దిగిన గుట్కా పొట్లం.
టార్చి ఆర్పి చూశాను.
చెయ్యి ముఖం ముందు ఆడిస్తే కనపడలేదు,
గాలి తగిలి
ఉందని తెలిసింది.
ఎక్కడో ఒక చుక్క పడింది.
రెండోది పడేలోపు
నా పేరు కూడా పైనే వదిలొచ్చాననిపించింది.

మళ్ళీ వెలిగించాక, పక్కటెముకల కింద
సగం పూడిపోయి గంట.
కర్రది. లోపల రెండు నాలుకలు,
ఒకటి విరిగింది.
చొక్కాలో దోపుకుని తాడు మూడుసార్లు గుంజాను.
కాలిపోయిన మోటారులా
పైకొచ్చాను.

ఎండకి కళ్ళు విప్పలేకపోతున్నా,
బుద్ర ముఖమే వెతుక్కున్నాను.
గోటితో మట్టి గీకాడు, ఉఫ్ అని ఊదాడు,
చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.
మళ్ళీ ఆడించాడు.
"మాది కాదు. నేను చెక్కింది ఇలా పలకదు."
త్రిలోచన్ తెలుగులో చెప్పబోయాడు.
అక్కర్లేకపోయింది.

ఎవరిదైతేనేం ఉంచుకో అన్నాను.
నవ్వాడో, ఎండకి ముఖం చిట్లించాడో.
"దాని ఎముకలు కిందున్నాయి కదా"
అని అంచు దాకా వెళ్ళి
వదిలేశాడు.

ఎవరూ అనుకోకుండానే లెక్కపెట్టాం.
గోడకి తగిలి ఒకసారి లొటక్కుమంది.
రెండు. మూడు. నాలుగు.
చప్పుడు లేదు.
"బురదలో పడుంటుంది" అన్నాడు త్రిలోచన్
అరచేతిలో అంకెలు తుడుచుకుంటూ.

వాచీని లుంగీ కొంగుకి తుడిచి
నాకిచ్చాడు బుద్ర.
తేవలసింది తేకుండానే
తాకట్టు తిరిగొచ్చింది.

గుంపస్వామి తాడు చుట్టుకున్నాడు,
రేపు మెయిన్ రోడ్డు బోరుకి కావాలి.
పులిహోర ఐదు ఆకుల్లో పంచింది హేమసుందరి.
ఉప్పు తక్కువైంది.
అందరం మారు అడిగాం.