పదహారో సెకను

మా లాలాపేట కొట్లో
పాత రిపేరు చిట్టాలో ఒక వరస:
"దీపస్తంభం చక్రం. పళ్లు మూడు. బాకీ నాలుగు రూపాయలు."
ఆ బాకీ వసూలుకని కాదుగాని
దాదా పోయిన పద్నాలుగేళ్లకి
గుంటూరులో రేపల్లె ప్యాసింజరెక్కాను.

దిగి, షేర్ ఆటోలో రొయ్యల చెరువులు దాటితే
మడచెట్ల పక్కన, ఉప్పు తిన్న ఇటుకలతో
నిలబడే ఉంది.

కొక్కిలిగడ్డ నాంచారయ్య
తాళంచెవి మొలతాడుకి కట్టుకుని
"నూట పన్నెండు మెట్లు. నా మోకాళ్లు రానంటున్నాయి" అన్నాడు.
అని, నాకంటే ముందే ఎక్కాడు.

గాజు గదిలో పాత యంత్రం.
గోడగడియారమే, మనిషంత.
గొలుసు చివర ఇనపగుండు;
నాలుగు గంటలకోసారి చేత్తో పైకి చుట్టాలి,
దిగే బరువే దీపాన్ని తిప్పుతుంది.
వాళ్ల నాన్న చుట్టాడు, ఈయన చుట్టాడు,
పెళ్లినాటి రాత్రి కూడా రెండుసార్లు లేచొచ్చి.

"చక్రం అరిగితే మిరపకాయల గోతంలో చుట్టి
గుంటూరు బస్సెక్కించాం."
దాదా తుమ్ముతూ విప్పాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.
అది దేన్ని తిప్పుతుందో అడగలేదు.
పోయేదాకా సముద్రం చూడలేదు.

"తిరిగొచ్చాక ఒక సెకను బద్ధకించింది."
నాంచారయ్య వేళ్లు మడిచాడు.
"కాగితాల్లో చుట్టుకి పదిహేను. మాకు పదహారు.
పై ఆఫీసుకి రాయలేదు.
పడవల మీదోళ్లే లెక్క మార్చుకున్నారు.
పదిహేను దగ్గర వెలగలేదా,
అది మన రేవే."

నా చెవులు వేడెక్కాయి.
సెకను తప్పితే కూలి తీసుకోని ఇల్లు మాది.
కంటిగాజు పెట్టుకుని వంగాను.
మూడు పళ్లు మాత్రం రంగు లేత, కాస్త బిగువు.
వెనక సూదితో గీరిన అక్షరాలు: మొయి. లా.పే.
తను తెరిచిన ప్రతి గడియారం కడుపులోనూ
ఇదే గీత.

ఇప్పుడు పైన అరచేతంత కరెంటు దీపం.
సరిగ్గా పదిహేను.
ముసలి సరంగులు ఇంకా పదహారు లెక్కపెట్టి
"తొందరెక్కువ దీనికి" అని తిడతారట.

నాలుగు రూపాయల మాట ఎత్తాను, ఊరికే.
ఆయన నవ్వలేదు. లోపలికెళ్లి
ఎండు మెత్తళ్లు కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు.

రైల్లో ఆ వాసనకి
బల్ల మొత్తం నాకే వదిలేశారు.
కొట్టు తీసి, చిట్టా దించి
ఆ వరస పక్కన రాశాను:
"ముట్టినది. మెత్తళ్లు."