గోడౌన్‌లో నిల్వ

రాణిగంజ్‌లో ఇనుము కొట్టు లెక్కలు రాస్తాను.
పదహారేళ్ళు.
ఎనిమిది ఎం.ఎం. సలాకలు, యాంగిళ్ళు, మేకుల బస్తాలు,
బైండింగ్ వైరు చుట్టలు,
రోజుకి ఎన్ని టన్నులు నా వేళ్ళ మీదుగా పోతాయో
సేఠ్ కన్నా నాకే బాగా తెలుసు.

నా ఒంట్లో మాత్రం
తొమ్మిది.

తొమ్మిదేమిటని అడిగాను.
ఫెర్రిటిన్, అన్నాడు డాక్టరు పెన్నుకి మూత పెడుతూ.
రక్తం పన్నెండుంది, పర్వాలేదమ్మా,
నిల్వే లేదు.

అది నాకు అర్థమయ్యే భాష.
ముందర కౌంటరు కళకళలాడుతుంటుంది,
వెనక షట్టరెత్తితే ఎలుక కూడా ఉండదు.
అట్లాంటి కొట్లు మా సందులో రెండు మునిగాయి.

అంతకు ముందటి ఏడాది సంగతి చెప్పాలి.
థైరాయిడ్ గోలీ యాభైతో మొదలై
డెబ్భై అయిదై, నూరైంది.
టీఎస్‌హెచ్ మెట్టు దిగదు.
దువ్వెన నిండా నేనే,
బాత్రూం జాలీలో నేనే.
పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో మెట్లెక్కి
స్తంభానికి వీపానించి
మూడు బళ్ళు వదిలేసేదాన్ని.
వయసు, అంది వదిన.
టెన్షన్, అన్నాడు సేఠ్.
రోజూ వేసుకుంటున్నారా, అన్నాడు డాక్టరు.
వేసుకుంటున్నానన్నాను.
అబద్ధం కాదు.
తెల్లారి అయిదున్నరకి తెల్ల గోలీ,
కళ్ళు తిరుగుతున్నాయని బస్తీ దవాఖానాలో ఇచ్చిన ఎర్ర గోలీ,
రెండూ ఒకే గుక్కలో.
ఆ పైన చాయ్.

పట్టుకున్నది మోండా మార్కెట్ మందుల షాపులో నుస్రత్.
చీటీ చూసే ముందు నా మొహం చూసింది.
"ఏది ఎప్పుడేస్కుంటున్నరు?"

ఎప్పుడు.
ఏడాదిలో ఆ మాట ఎవరూ అడగలేదు.

చెప్పాను. నవ్వలేదు ఆ పిల్ల.
"ఈ రెండిటికి పడదు ఆంటీ.
ఇనుము దాన్ని పట్టుకుంటది, ఒంటికి పట్టనియ్యదు.
నడుమ నాలుగు గంటలు ఎడముండాలె.
ఇంక చాయ్ అంటరా, ఇనుముకు అదే దుష్మన్."

తోడికోడళ్ళు.
ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టింది నేను,
ఇద్దరినీ పస్తు పెట్టిందీ నేనే.

ఇప్పుడు పొద్దున తెల్ల గోలీ, మంచినీళ్ళు,
గంటసేపు నోటికి తాళం.
పదకొండున్నరకి ఎర్ర గోలీ, సీసాలో నిమ్మనీళ్ళు.
సరిగ్గా అప్పుడే ఖాజా గ్లాసులు గలగలలాడిస్తూ వస్తాడు,
యాలకుల వాసన బీరువాల దాకా పాకుతుంది.
"మా చాయ్ మీద అలిగిన్రా మేడం?"
తల అడ్డంగా ఊపి
మళ్ళీ సలాకల్లోకి దిగుతాను.

నోట్లో మేకు నాకినట్టుంటుంది.
మూడు రోజులు కడుపు బిగిసిపోయింది.
తర్వాత నలుపు.
భయపడి నుస్రత్‌కి ఫోన్ చేస్తే
"ఒంటికి పట్టంగ మిగిలిన ఇనుము ఆంటీ, గంతే" అంది.
తూకంలో పోయే తరుగు.
ఖాతాలో అట్లాగే రాసుకున్నాను.

మూడు నెలలకి ఇరవై రెండు.
టీఎస్‌హెచ్ పదకొండు నుంచి నాలుగున్నర.
డాక్టరుకి జరిగింది చెప్పాను.
కాసేపు పెన్ను మూత తీయలేదాయన.
డోసు ఇంక పెంచొద్దు, అన్నాడు,
ఇంకెవరితోనో అంటున్నట్టు.

జుట్టు మాత్రం రాలుతూనే ఉంది.
అది పాత బాకీ, నెమ్మదిగా తీరుతుందట.

కొట్టు ముందు ఒక ముసలామె
తాడుకి అయస్కాంతం కట్టి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది రోజూ.
లారీలు రాల్చిన రజను, వంగిన మేకు, ఒంటరి వాషరు.
ఆగుతుంది, గీకుతుంది, సంచిలో వేస్తుంది,
మళ్ళీ ఈడుస్తుంది.
రోజుకెంతవుతుందని ఒకనాడు అడిగాను.
"లెక్కవెట్ట బిడ్డా. సంచి చెప్తది."

నేను లెక్కపెట్టే మనిషిని.
డిసెంబరులో మళ్ళీ చెయ్యి చాపాలి సూది కింద.

గోడ గడియారంలో నాలుగైంది.
ఖాజా,
రెండు చాయ్.
ఒకటి బయట ఆమెకి.