సాక్షి సంతకం

కాజీపేట డీజిల్ షెడ్డు వెనుక రేకుల మందిరం.
జెబెదయ పాస్టరుది. మాది కాదు.
మాది రాతి గుడి, గంట గుడి.
ఆ రేకుల కింద డప్పులు, తెల్లారేదాంక కేకలు.
మైకు బందు పెట్టియ్యమని ఠాణల కాయిదమిచ్చిన మొదటోణ్ణి
నేనే.

ముంచుడా చిలకరించుడా అని
కథోలిక చౌరయ్యతోని చాయ్ హోటల్ల
ఇరవై ఏండ్లు కొట్లాడిన.
గెలిచినోళ్ళు లేరు. చాయ్ పైసలు మాత్రం ఆయనే ఇచ్చేది.

పంద్రాగస్టుకు జెబెదయ
వెదురు గడకు జెండా కట్టి పిల్లలకు చాక్లెట్లు పంచిండు.
ఆ తరువాతి ఐతారం వాళ్ళొచ్చిండ్రు.
ఆ గడనే పీకిండ్రు. కట్టె కోసం వెతుక్కోలే.
నీది ఏ దేశం? జై అను, అన్నరు.
అన్నడు.
రాత్రంత ప్రార్థనల గొంతు పోయింది,
గట్టిగ అనలేదని కొట్టిండ్రు.

కిటికీ సందుల కెల్లి నేను చూసిన.
గొళ్ళెం మీద చెయ్యి పెట్టి, తియ్యలే.
మా లైన్ల కోళ్ళు లేవు.
గూడ్సు బండి కూత పెట్టుకుంట పోయింది,
ఎన్నిసార్లో లెక్కపెట్టలే.

పంచనామల రేకులు నాలుగు, కీబోర్డు ఒకటి.
సాక్షులెవరు? అన్నడు ఎస్సై.
ఐతారమైతె మాకు సాక్ష్యాలకు కరువా!
జ్వరం తగ్గింది, స్తోత్రం. కోడలికి నౌకరొచ్చింది, స్తోత్రం.
సంఘపెద్దలు గొంతు సవరించుకున్నరు:
మన మిషనోళ్ళు కారు గదా.

మూడో రోజు పోయిన.
బెంచీ మీద అప్పటికే చౌరయ్య, జేబుల జపమాల గలగల.
ఎస్సై పైలు తిప్పి నా పాత కాయిదం తీసిండు.
ఇది నీ రాతనే గదా?
నాదే.
మరి ఇప్పుడెందుకొచ్చినవ్?
చెప్పరాలే. చూసిన సార్, అన్న. గంతే.

పేరు రాయుమన్నడు.
సర్టిఫికెట్ల ఒక పేరున్నది నాకు, మా అవ్వ ఎల్లమ్మకు మొక్కి పెట్టింది.
బాప్తిస్మంల ఇంకోటి.
రైల్వేల ముప్పైనాలుగేండ్లు మొదటిదే రాసిన.
కొడుకు నౌకరి, మనుమరాలి సీటు దాని మీదనే నిలబడ్డయి.
పెన్ను ఆనిచ్చి చానసేపు కూసున్న.
సిరా రాదా? అన్నడు రైటరు.
దైవాధీనం, అని రాసిన.
అక్షరాలు నావి లెక్క లేవు.

కేసు నిలుస్తదో లేదో.
బయట వాన.
పంచె ఎత్తిపట్టుకొని చౌరయ్య అన్నడు:
గిది చిలకరించుడా, ముంచుడా?
నవ్వుదామనుకున్న.
జెబెదయ ఇల్లు ఏ గల్లీల ఉన్నదని
ఆయన్ను అడిగిన.