పదిహేడో నంబరు గది

ఇంతకు ముందు మంగళవారం అంటే
నాకు పేపరు మొత్తం చదువుకునే రోజు.
పదకొండు చీటీలు, మహా అయితే పన్నెండు.
చేతులకు తువ్వాలు కట్టి తీసుకొచ్చిన కొడుకొకడు,
భూతవైద్యుడు చేతులెత్తేశాక వచ్చిన కోడలొకతె.
డాక్టరమ్మ ఒంటిగంటకే టిఫిను గిన్నె విప్పేది.
గది ముందు బల్ల మీద
ఆస్పత్రి పిల్లి కాళ్ళు బారజాపుకుని పడుకునేది.

జ్వరం వచ్చి వెళ్ళాక
పిల్లికి చోటు లేదు.

నిజం చెప్పాలి, మొదటి ఏడాది ఎవరూ రాలేదు.
ఊపిరి కోసమే వరస కట్టిన చోట
నిద్ర పట్టట్లేదని ఎవరు చెప్పుకుంటారు?
రిజిస్టరులో ఆ నెలలన్నీ తెల్లకాగితాలు.
పై ఆఫీసువాళ్ళు ఆ తెలుపు చూసి
జిల్లాలో మనోవ్యాధులు తగ్గాయని రాసుకున్నారు.

వరద తీశాక కదా
నాగావళి ఎక్కడెక్కడ మేట వేసిందో తెలిసేది.

ఇప్పుడు తొలి బస్సుకే దిగుతున్నారు
మందస నుంచి, కొత్తూరు నుంచి, సోంపేట నుంచి.
మనసు అనే మాట ఒక్కరి నోటా రాదు.
"కడుపులో ఏటో తిరుగుతంది బాబూ."
"బుర్రలో జోరీగ దూరినట్టుంది."
"గుండికాయి దడదడలాడిపోతంది, మిసన్లో ఏటీ నేదంతన్నారు."
గుండె గది, గ్యాసు గది, నరాల గది అన్నీ తిరిగి
ఫిల్ముల సంచి చంకలో పెట్టుకుని
చివరికి ఇటు.
పక్కది పళ్ళ డాక్టరు గది కావడం కొంత నయం.
ఊళ్ళో అడిగితే పన్ను చూపించుకున్నానని చెప్పొచ్చు.

పలాస జీడి బట్టీలో పనిచేసే దాలమ్మ
రోజుకి నలభైసార్లు చేతులు కడుగుతుంది.
జీడి నలుపు కడిగితే పోదని
నడక నేర్చిన నాటి నుంచీ తెలిసిన మనిషే.
"నలుపుకి కాదు బాబూ,
ఆయనకి గంజి పట్టింది ఈ సేత్తోనే.
ఆ మర్నాడే పోనాడు."

భావనపాడు తవిటయ్య
వేరావలు బోటు మీద నలభై రోజులు
ఏ రేవూ రానివ్వక నీళ్ళలోనే ఉండిపోయాడు.
ఇంటికొచ్చి మూడేళ్ళు.
ఇప్పుడు అతని భయం,
ఇల్లు ఊగట్లేదని.

తొమ్మిదో తరగతి గుంట ఒకతె మాస్కు తియ్యదు.
కళ్ళతోనే నవ్వుతుంది, కళ్ళతోనే మానేస్తుంది.
మూతి వెనకాల పెరిగిన ముఖాన్ని
ఇంకా ఎవరికీ పరిచయం చెయ్యలేదట.

నా పని అడగడం, రాయడం.
పేరు, ఊరు, వయసు, భర్త లేక తండ్రి.
ఆ చివరి గడి దగ్గర నా కలం ఆగుతుంది.
"ఉన్నట్టే రాసీ బాబూ" అంటారు కొందరు.
రాస్తాను.

ఒక్కొక్కరికీ ఆరు నిమిషాలు.
అందులో ఏడుపు మొదలవడానికే నాలుగు.
డాక్టరమ్మ ఇప్పుడు మూడున్నరకి గిన్నె మూత తీసి
వాసన చూసి, మళ్ళీ పెట్టేస్తుంది.

పై ఆఫీసుకు కాగితం పెట్టాను.
రిజిస్టర్లు రెండు, డాక్టరు ఒకరు, బల్లలు మూడు కావలెనని.
అయిదు నెలలకు జవాబొచ్చింది.
బల్ల ఒకటి మంజూరు.

దాన్ని భుజాన వేసుకుని తెచ్చినవాడు ముఖలింగం.
జ్వరాల వార్డు నుంచి వెనక గుమ్మం దాకా
ఆ రెండేళ్ళూ స్ట్రెచరు తోసింది అతనే.
ఎంతమందిరా అని అప్పట్లో అడిగితే
"నెక్కెట్టనేదు" అని నవ్వేవాడు.

గోడవారగా దించాడు.
కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూస్తానని
తనే ముందు కూర్చున్నాడు.
నాలుగు కాళ్ళూ బాగానే ఆనాయి.
అయినా లేవలేదు.

బయట వాన పట్టింది.
లోపల్నుంచి నలభై ఆరో నంబరు పిలిచారు.
నలభై ఏడో చీటీ మీద
ఊరూ వయసూ అడక్కుండానే రాసేశాను.
పేరు దగ్గర తలెత్తి చూశాను.

వద్దనలేదు.