నామినీ గడి

పిన్ని పెట్టె అడుగున
కర్పూరం వాసన పట్టిన పాసుపుస్తకం.
లోపల ఈగ రెక్కంత సంతకం: మజ్జి దాలమ్మ.
చివరి పద్దు, నెల్లిమర్లలో మిల్లు గేటు మూసిన ఏడాదిది.
ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా, మూగగా.

పిన్ని పోయి పదమూడేళ్ళు.
జనపనార దుమ్ము ఊపిరితిత్తుల్లో దాచుకుందని తెలుసు గానీ
రూపాయలు దాచుకుందని తెలీదు మాకు.

విజయనగరం బస్సులో కిటికీ పక్కన కూచుని
ఇంకా చూడని డబ్బు ఖర్చుపెట్టేశాను.
కండక్టరు చిల్లర ఇచ్చేలోగా
వంటింటి రేకులు మార్చాను,
మా ఆయన బండికి టైర్లు వేయించాను,
దుద్దులు కొనుక్కుని, వద్దులే అని తిరిగిచ్చేశాను.

అద్దం వెనక కుర్రాడు తెర చూసి చెప్పాడు:
"ఖాతా పడుకుండిపోయిందమ్మా.
పదేళ్ళు ఎవరూ అడక్కపోతే
డబ్బు పైకి వెళ్ళిపోతుంది."
మనిషీ అలాగే వెళ్ళిపోయింది బాబూ అన్నాను.
నవ్వలేదు. తేవలసిన కాగితాల జాబితా ఇచ్చాడు.

మరణ పత్రంలో దాలమ్మ.
ఆధారులో దాలెమ్మ.
రేషను కార్డులో, ఏ గుమాస్తా నిద్రమత్తో, దానమ్మ.
ముగ్గురూ ఒక్కత్తేనని
స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశాను.
బతికుండగా ఒక్క పేరుతోనైనా
ఎవరూ నోరారా పిలవని మనిషి.

నాలుగోసారి వెళ్ళినప్పుడు
బీరువాలోంచి పాత ఫారం బయటికొచ్చింది.
నామినీ గడిలో
మా అమ్మ లేదు, మావయ్య లేడు, నేను లేను.
వంకర అక్షరాల్లో కలిశెట్టి సూరీడమ్మ.
సంబంధం ఏమిటని అడిగిన చోట
"పక్క మిషను".

పక్క మిషను! ఇదేం చుట్టరికం?
రెండ్రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
ఆ ఫారం చెదలు తినుంటే బాగుణ్ణనుకున్నాను.
అనుకున్నాను కాబట్టి చెప్తున్నాను.

మూడో రోజు, మిల్లు గేటుకి ఎదురుగా
అట్లు పోస్తున్న ముసలామెని అడిగాను.
పెనం మీంచి చూపు తియ్యలేదు.
గట్టిగా అరిచాక తలెత్తి
"దాలప్ప అక్క కూతురివి గదా. ఆ ముక్కు దానిదే" అంది.

"దానికి ఎడం సెవి పోయింది, నాకు కుడిది.
మిషన్ల మోతలో మాటెక్కడ ఇనపడద్ది?
పదారేళ్ళు సైగలతోటే మాటాడుకున్నాం.
బేంకు బావు అడిగినాడు, మీకెవులున్నారని.
అది నన్ను సూపించింది.
నాను దాన్ని సూపించినాను.
అంతే."

అట్టు మాడింది. తీసి పక్కన పడేసింది.
"నాదీ ఉండాల అక్కడే ఎక్కడో.
నాను పోయేక అది తీసుకుంటాదనుకున్నాను.
ముందెల్లిపోయింది, దొంగ."

మర్నాడు ఇద్దరం బ్యాంకులో.
వేలిముద్ర పడలేదు.
నార లాగి లాగి గీతలరిగిన వేళ్ళు.
బొటనవేలు, చూపుడువేలు, తడి చేసి, చీరకొంగుతో తుడిచి,
కుర్రాడు లేచొచ్చి తన చేత్తో అద్ది,
తొమ్మిది వేళ్ళూ కాదన్నాయి.
ఎడం చేతి చిటికెనవేలు ఒప్పుకుంది.

ఇరవయ్యారు వేల నాలుగొందల పదకొండు.
నెల పడుతుంది, పైనుంచి రావాలి అన్నాడు.
ఆవిడ ఖాతా కూడా దొరికింది, అదీ పడుకునే ఉంది.
"నామినీ దాలమ్మ చనిపోయారు కదా,
వేరే పేరు రాయాలి మామ్మా."
ఆవిడ వినలేదో, వినపడనట్టు ఉందో.
మళ్ళీ చెప్పాడు.
"ఉండనీ బావూ" అంది.

తిరుగు బస్సులో రెండు టిక్కెట్లూ తనే తీసింది.
రోడ్డు గతుకుల్లో, ఇంజను మోతలో
నా వైపు తిరిగి వేళ్ళతో ఏదో సైగ చేసింది,
చేత్తో దారం తెంపి ముడేసినట్టు.
నాకు అర్థం కాలేదు.
తలూపాను.