పొదుగు

కర్నూలు పెద్దాస్పత్రిలో నాదీ కత్తి పనే.
డాక్టరు తల కోసే ముందర
ఆ తల గొరిగేవాణ్ని. ఇరవై రెండేండ్లు.

మొక్కు తీర్చుకునే తల తనంతట తానే వంగుతుంది.
ఈ తలలు వంగవు.
తీగ తెంపిన సొరకాయల మాదిరి
ఎట్లా తిప్పితే అట్లా తిరుగుతాయి.

వెంట్రుకల్లో దొరికేదాన్ని బట్టి చెప్తా,
చీటీ చూడబల్లేదు.
కంకరుంటే మోటార్‌సైకిలు.
సున్నమైతే మిద్దె. ఎండాకాలం, పిట్టగోడ లేని మిద్దె,
నడిరేయి నిద్రకండ్లతో లేచి
ఉచ్చకని నాలుగడుగులు వేసిన పిల్లోడు.
మిరపగింజలుంటే ఆటో.
ఆరుగురు పట్టేదాంట్లో పదహారుమంది,
ఆఖరున ఎక్కి కాళ్లు బయటికేసి కూర్చున్నామె.
చింతాకుంటే ఇంక అడిగేదేముంది.

దసరా మర్నాడు పసుపు తలలొస్తాయి, దేవరగట్టు నుంచి.
బండారు కడిగితే కింద ఇంకో రంగు.
ఎవరు కొట్టిరప్పా అంటే
ఎవురూ కొట్టలేదు, దేవుని పని అంటారు.

పోలీసాయన మాత్రం అన్నిటికీ ఒకటే మాట రాసుకుంటాడు:
ప్రమాదం.

ఉరుకుందు తెల్లదుమ్ముతో వచ్చినాడు.
బేతంచెర్ల పక్క నాపరాళ్ల గని,
పైనుంచి పలక జారింది.
గట్టి టోపీ ఉండిందంట, పచ్చది,
పదకొండుమందికీ కలిపి ఒకటి.
ఆపొద్దు దాంట్లో నీళ్లు పోసుకుని తాగుతున్నారంట.

గొరిగిన వెంట్రుకలు బకెట్‌లో వేయబోతే
పెండ్లాం మద్దమ్మ చెయ్యి పట్టుకుంది.
"పారెయ్యొద్దన్నా. బతికితే చూసి నవ్వుకుంటాం."
కొంగున మూట కట్టుకుంది.

నాలుగు నెలలకు
బుధవారపేటలో నా బంకుకే వచ్చినాడు క్షవరానికి.
కుడిపక్క ఎముక ల్యాదు.
తోలు కింద గుంత,
లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు
మెల్లగా ఎగురుతా ఉంటుంది.
అక్కడ కత్తి పెట్టలేక
కత్తెరతో గాలిలోనే కత్తిరించినా.

మద్దమ్మను "అక్కా" అని పిలుస్తున్నాడు.
ఊరు పేరడిగితే గోడ దిక్కు చూసినాడు.

అంతలో రోడ్డుమీద లారీ టైరు పేలింది.
ఉరుకుందు దుప్పటి విదిలించి లేచి
"తూటా! తూటా! జరగండి!" అని కేకేసి
నన్నూ, గడ్డానికొచ్చిన ఇద్దరినీ
గోడకేసి తోసి
తన వీపు మాకు అడ్డం పెట్టినాడు.

దుమ్ము ల్యాదు, రాయి ల్యాదు.
చాలాసేపు అట్లే నిలబడినాం నలుగురం.

మద్దమ్మ నవ్వింది. చెప్పినట్టే.

ఆ రాత్రి ఇంటికి పోయి చూస్తే
నా హెల్మెట్‌లో మా నల్లపెట్ట ఇంకా కూర్చునే ఉంది.
పద్మూడు రోజులాయె అది పొదుగు పట్టి.
లేపుదామని చెయ్యి పెడితే పొడిచింది.

తెల్లారి మళ్లా ఉత్త తలతోనే
బండి తీసినా డ్యూటీకి.
పిల్లలు కావడానికి
ఇంకా ఎనిమిది దినాలుంది.